వెబ్ చదివి వాస్తవాలు నేర్చుకునే ప్రోగ్రాంను తెలుగులో ఎలా నిర్మించాలి

కంప్యూటర్‌కు లోకజ్ఞానం అందించే పని చాలా కాలంగా రెండు దారుల్లో సాగుతోంది. మొదటి దారిలో మనుషులు కూర్చుని ఒక్కో వాస్తవాన్నీ చేత్తో రాసి పెడతారు. అమెరికాలో డగ్లస్ లెనాట్ 1984లో మొదలుపెట్టిన సైక్ ప్రాజెక్టు దశాబ్దాల పాటు ఇలాగే నడిచింది. రెండో దారిలో, వెబ్‌లో జనం ఇప్పటికే రాసి ఉంచిన పాఠ్యాన్ని కంప్యూటరే చదువుకుని అందులోంచి వాస్తవాలను ఏరుకుంటుంది. 1998లో సెర్గీ బ్రిన్ కేవలం 5 పుస్తకాల పేర్లు, వాటి రచయితల పేర్లు ఇచ్చి, అవి వెబ్ పేజీల్లో ఏ తీరున కలిసి కనబడుతున్నాయో ప్రోగ్రాం చేతనే గమనింపజేసి, ఆ తీరుల ఆధారంగా 15,000కు పైగా పుస్తకాల జాబితా రాబట్టారు. 2010 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టామ్ మిచెల్ బృందం ఇదే ఆలోచనను విస్తరించి, రాత్రింబవళ్లు ఆగకుండా చదువుతూ ఉండే నెల్ అనే వ్యవస్థను నడపడం ప్రారంభించింది.

ఈ వ్యాసం రెండో దారిలో ఒక చిన్న వ్యవస్థను తెలుగు పాఠ్యం మీద మీరే నిర్మించుకోవడానికి ఉద్దేశించింది. పైథాన్‌లో ఓ మాదిరి ప్రోగ్రాంలు రాయగలిగితే చాలు. ఖరీదైన యంత్రాలు అక్కర లేదు, మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. వెబ్‌లో వాస్తవాలు దొరకడం సులువైన భాగమేనని, దొరికినవాటిలో వేటిని నమ్మాలో, నమ్మే ముందు ఎంతసేపు ఆగాలో ప్రోగ్రాంకు నేర్పడమే అసలు పని అని మొదటి వారంలోనే మీకు తెలిసిపోతుంది. అందుచేత ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ సంగతికే కేటాయించాను.

ఏం నేర్పాలో ముందే నిర్ణయించుకోండి

"అన్నీ నేర్చుకో" అని ప్రోగ్రాంకు చెప్పడం కుదరదు. ఏ రకమైన వస్తువుల గురించి, వాటి మధ్య ఏ సంబంధాల గురించి నేర్చుకోవాలో మీరు ముందుగా రాసి ఇవ్వాలి. నెల్ తొలి ప్రయోగంలో 123 వర్గాలు, 55 సంబంధాలు ఉండేవి. ఒక్కోదానికి పది, పదిహేను ఉదాహరణలు మాత్రమే ఇచ్చారు. మీరు అంత పెద్ద ఎత్తున మొదలుపెట్టనవసరం లేదు. నదులు, పట్టణాలు, జిల్లాలు అనే మూడు వర్గాలు తీసుకోండి. సంబంధాలు రెండు చాలు: ఒక పట్టణం ఏ నది ఒడ్డున ఉంది, ఒక జిల్లాకు కేంద్రం ఏది. మన పాఠ్యంలో ఈ రెండూ తరచుగా కనబడతాయి, తప్పొప్పులను మీరు స్వయంగా తేల్చగలరు, పైగా తెలుగులో ఎదురయ్యే చిక్కులన్నీ వీటిలోనే బయటపడతాయి.

పట్టణం, నది సంబంధానికి మొదటి ఉదాహరణలుగా ఇవి ఇవ్వవచ్చు: రాజమహేంద్రవరం–గోదావరి, భద్రాచలం–గోదావరి, బాసర–గోదావరి, విజయవాడ–కృష్ణా, నెల్లూరు–పెన్నా, కర్నూలు–తుంగభద్ర, అలంపూర్–తుంగభద్ర, శ్రీకాకుళం–నాగావళి, హైదరాబాద్–మూసీ, నాందేడ్–గోదావరి, శ్రీరంగపట్నం–కావేరి.

వీటితో పాటు, చూడడానికి నిజంలా అనిపించి నిజం కాని జంటలను కూడా తప్పక ఇవ్వండి. చాలామంది ఈ పనిని వదిలేస్తారు, తర్వాత వారాల తరబడి ఇబ్బంది పడతారు. హైదరాబాద్–కృష్ణా ఇలాంటి జంటే: నగరానికి కృష్ణా జలాలు తాగునీరుగా వస్తాయి కాబట్టి ఈ రెండు పేర్లూ వేలాది వాక్యాల్లో పక్కపక్కనే ఉంటాయి, కాని నగరం ఆ నది ఒడ్డున లేదు. తెలుగుగంగ వల్ల చెన్నై–కృష్ణా జంటదీ అదే పరిస్థితి. తుంగభద్ర కాలువల వల్ల అనంతపురం–తుంగభద్ర కూడా అంతే. ఇలాంటి తప్పుడు జంటలు పది చేతిలో ఉంటే, ఏ వాక్యనిర్మాణం మోసం చేస్తుందో ప్రోగ్రాం తొందరగా పసిగడుతుంది.

పాఠ్యం సేకరించడం

ఎవరి సైటునూ క్రాల్ చేయకుండానే, అంటే దాని పేజీలను ప్రోగ్రాంతో వరసగా దించుకోకుండానే మొదలుపెట్టవచ్చు. తెలుగు వికీపీడియా పూర్తి పాఠ్యాన్ని డంప్ (అంతా కలిపి ఇచ్చే ఫైళ్ల) రూపంలో ఉచితంగా దించుకోవచ్చు, లైసెన్సు కూడా ఇలాంటి వాడకాన్ని అనుమతిస్తుంది. ఆ తర్వాత విస్తృతమైన పాఠ్యం కావాలంటే, లాభాపేక్ష లేని కామన్ క్రాల్ సంస్థ ఎప్పటికప్పుడు విడుదల చేసే వెబ్ ప్రతుల్లో తెలుగు పేజీలను వేరు చేసి తీసుకోండి. ఏదైనా సైటును మీరే చదవాల్సి వస్తే, ప్రోగ్రాంలు ఏ పేజీలు చదవవచ్చో చెప్పే రోబోట్స్ ఫైలులో ఆ సైటు పెట్టిన షరతులను పాటించండి, ఒక పేజీకీ మరో పేజీకీ మధ్య కొన్ని సెకన్ల విరామం ఇవ్వండి, మీ ప్రోగ్రాం ఎవరిదో తెలిసేలా పేరు పెట్టండి. మామూలు వ్యక్తుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు వంటివి నేర్చుకునే సంబంధాలు మీ జాబితాలోకి రానివ్వకండి.

పేజీలోని మెనూలు, ప్రకటనలు, "ఇవి కూడా చదవండి" వంటి వరుసలను తీసేసి అసలు వ్యాసాన్ని మాత్రమే మిగుల్చుకోవాలి. ఇందుకు ట్రాఫిలాటురా వంటి పైథాన్ లైబ్రరీలు ఉన్నాయి. ప్రతి పేజీకీ చిరునామా, దించుకున్న తేదీ, తెలిసినంతవరకు ప్రచురణ తేదీ భద్రపరచండి. ప్రచురణ తేదీ అవసరం జిల్లాల దగ్గర తెలుస్తుంది.

ఒకే వ్యాసాన్ని పది సైట్లు ఎత్తి రాసుకోవడం తెలుగు వెబ్‌లో సర్వసాధారణం. పది చోట్ల కనబడింది కదా అని ప్రోగ్రాం దాన్ని పది మంది సాక్ష్యంగా లెక్కిస్తే నష్టం జరుగుతుంది. పాఠ్యాన్ని ఐదేసి పదాల ముక్కలుగా చేసి, రెండు పేజీల్లో ముక్కలు ఎక్కువ భాగం ఒకటే అయితే వాటిని ఒకే పేజీగా పరిగణించండి. పేజీలు లక్షల్లో ఉంటే ఈ పోలికను వేగంగా చేయడానికి మిన్‌హ్యాష్ పద్ధతి ఉంది. తెలుగు వికీపీడియాలో గ్రామాల వ్యాసాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి కాబట్టి, వాటి నుంచి నేర్చిన వాక్యనమూనాలకు, అంటే ప్యాటర్న్‌లకు ఎక్కువ విలువ ఇవ్వకుండా జాగ్రత్తపడండి.

తెలుగు అక్షరాలను, పదాలను సరిచేయడం

తెరమీద ఒకేలా కనబడే రెండు పదాలు కంప్యూటర్‌కు వేర్వేరుగా ఉండవచ్చు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయవచ్చు. అందువల్ల పాఠ్యం మొత్తాన్ని మొదట ఎన్‌ఎఫ్‌సీ అనే ప్రామాణిక రూపంలోకి మార్చండి. "హైదరాబాద్‌లో" వంటి పదాల మధ్య పొల్లు తర్వాత కనబడని విరామాక్షరం ఒకటి ఉంటుంది. కొందరు దాన్ని వాడతారు, కొందరు వాడరు, కొందరు దాని బదులు ఖాళీ వదిలేస్తారు. పోల్చేటప్పుడు దాన్ని తీసేసి పోల్చండి, కాని మూలవాక్యాన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టుగా దాచండి. యూనికోడ్ రాకముందు సొంత ఫాంట్లతో తయారైన పాత పేజీలు అర్థం లేని అక్షరాలుగా వస్తాయి. తెలుగు అక్షరాల శాతం తక్కువగా ఉన్న పేజీలను పక్కన పెడితే ఆ ఇబ్బంది తీరుతుంది.

తర్వాతది విభక్తుల చిక్కు. ఇంగ్లీషు పాఠ్యం కోసం తయారైన పద్ధతులు పేరు ఎప్పుడూ ఒకే రూపంలో ఉంటుందని అనుకుంటాయి, పెద్ద అక్షరంతో మొదలవుతుందని కూడా అనుకుంటాయి. తెలుగులో ఈ రెండూ లేవు. భద్రాచలం అనే పేరు భద్రాచలంలో, భద్రాచలానికి, భద్రాచలాన్ని, భద్రాచలంలోని అంటూ రూపాలు మార్చుకుంటుంది. కర్నూలు కొన్నిచోట్ల కర్నూల్, కొన్నిచోట్ల కర్నూల్లో అవుతుంది. పదం చివర "లో", "లోని", "కు", "కి", "నుంచి", "నుండి" వంటివి ఉంటే విడదీయాలి. "ానికి", "ాన్ని" అని ముగిస్తే వాటిని తీసి సున్న చేర్చాలి. అయితే ఈ నియమాలను గుడ్డిగా వర్తింపజేస్తే "కిలో" అనే పదంలోంచి "కి" అనే ఊరు పుట్టుకొస్తుంది. దీనికి సులభమైన కాపలా ఉంది: విభక్తి తీసేశాక మిగిలిన రూపం, ఏ విభక్తీ లేకుండా మీ పాఠ్యంలో మరోచోట విడిగా కనీసం కొన్నిసార్లు కనబడితేనే దాన్ని పేరుగా ఒప్పుకోండి. పాఠ్యం పెరిగే కొద్దీ ఈ కాపలా మరింత గట్టిపడుతుంది.

ఒకే ఊరికి ఉన్న వేర్వేరు పేర్లను కలపడం కూడా ఇక్కడే చేయాలి. రాజమండ్రి, రాజమహేంద్రి, రాజమహేంద్రవరం ఒకే నగరం. దీనికి విరుద్ధమైన సందర్భమూ ఉంది: అమరావతి అంటే కృష్ణా తీరంలోని మన అమరావతి కావచ్చు, మహారాష్ట్రలోని నగరం కావచ్చు. మొదటి ఉదాహరణల్లో అమరావతిని ఇవ్వకపోవడానికి కారణం ఇదే. పేరును కాకుండా ఒక అంతర్గత సంఖ్యను ప్రతి వస్తువుకూ గుర్తుగా కేటాయించి, పేర్లన్నింటినీ ఆ సంఖ్యకు జతచేయండి. వికీపీడియాకు తోడుగా ఉన్న వాస్తవాల భండారం వికీడేటాలో ప్రతి అంశానికీ ఇలాంటి గుర్తు సిద్ధంగా ఉంది, దాన్నే వాడుకోవచ్చు.

ప్యాటర్న్‌లు నేర్పించడం

ఇప్పుడు ప్రోగ్రాం చదవడం మొదలుపెడుతుంది. మొదటి ఉదాహరణల్లోని ఒక్కో జంటను తీసుకుని, ఆ రెండు పేర్లూ ఉన్న వాక్యాలన్నీ వెతకమనండి. "నెల్లూరు నగరం పెన్నా నది ఒడ్డున ఉంది", "పెన్నా నదీతీరాన ఉన్న నెల్లూరు", "పెన్నా ఒడ్డునున్న నెల్లూరులో" వంటి వాక్యాలు వస్తాయి. పేర్ల స్థానంలో ఖాళీలు ఉంచి, మిగిలిన మాటలను ప్యాటర్న్‌గా దాచండి: "[పట్టణం] నగరం [నది] నది ఒడ్డున ఉంది", "[నది] నదీతీరాన ఉన్న [పట్టణం]". ఆ తర్వాత అవే ప్యాటర్న్‌లతో మొత్తం పాఠ్యాన్ని మళ్లీ వెతికితే కొత్త జంటలు బయటపడతాయి. వాటిలో నమ్మదగినవాటితో కొత్త ప్యాటర్న్‌లు, ఆ ప్యాటర్న్‌లతో మరిన్ని జంటలు వస్తాయి. చక్రం ఇదే; దీని ఒక్కో చుట్టును ఒక విడత అందాం.

వర్గాలకు కూడా ఇలాంటి దారి ఉంది. ఒక వర్గం పేరు, దానికి చెందిన ఉదాహరణలు కలిసి వచ్చే వాక్యనిర్మాణాలను బట్టి వర్గాలను నేర్చుకోవచ్చని మార్టీ హర్స్ట్ 1992లో చూపించారు. తెలుగులో ఈ పనికి "వంటి", "లాంటి", "మొదలైన", "తదితర" అనే మాటలు చక్కగా ఉపయోగపడతాయి. "గోదావరి, కృష్ణా, పెన్నా వంటి నదులు" అనే వాక్యఖండంలో మూడు పేర్లూ నదులేనని ప్రోగ్రాం ఒక్కసారిగా తెలుసుకుంటుంది. మన భాషలో వర్గం పేరు జాబితా తర్వాత వస్తుంది కాబట్టి, ఆ మాట దగ్గర ఆగి వెనక్కి చదువుతూ కామాలతో విడదీసిన పేర్లను ఏరుకోవాలి.

తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుందన్న సంగతి ఇక్కడ చాలా ముఖ్యం. ప్యాటర్న్ "[నది] ఒడ్డున" దగ్గర ఆగిపోతే, ఆ తర్వాత "ఉంది" అని ఉందో, "లేదు" అని ఉందో, "ఉండేది" అని ఉందో ప్రోగ్రాంకు తెలియదు. "ఉండేది" అంటే అది గడిచిన కాలపు మాట. "ఉండేదట", "అని చెబుతారు", "అని ప్రచారం" అంటే రచయితే ఆ సంగతికి పూచీ పడడం లేదని అర్థం. కాబట్టి ప్రతి సాక్ష్యానికీ వాక్యం చివరి క్రియను కూడా తీసి, దాన్ని నిశ్చయం, నిషేధం, గతం, వినికిడి అనే నాలుగు రకాల్లో ఒకటిగా గుర్తించండి. వందలోపు క్రియాంతాల పట్టికతో ఈ పని చాలావరకు పూర్తవుతుంది. ఇంత తక్కువ శ్రమతో ఇంత మేలు చేసే అంగం ఈ వ్యవస్థలో మరొకటి లేదని నా అభిప్రాయం. మన క్రియాంతాలు చెప్పేవాడి నమ్మకాన్ని ఇంత స్పష్టంగా మోస్తున్నప్పుడు వాటిని చదవకుండా వదిలేయడం అన్యాయం.

విజ్ఞానసర్వస్వం తరహా వ్యాసాల్లో మరో అలవాటు ఉంది: ఊరి పేరు ఒక్కసారి శీర్షికలో చెప్పి, ఆ తర్వాత "ఇది గోదావరి నది ఒడ్డున ఉంది" అని రాస్తారు. మొదటి పేరాలో వాక్యం "ఇది"తోనో, "ఈ పట్టణం"తోనో మొదలైతే అక్కడ శీర్షికను ఉంచి చదవమని నియమం పెట్టండి. "ఈ ఆలయం" అని ఉంటే మాత్రం ఈ నియమం వర్తించదు.

తప్పుదారి పట్టడం ఎలా జరుగుతుంది

రాజమహేంద్రవరం, గోదావరి జంట కోసం వార్తల పాఠ్యం వెతికితే "గోదావరి ఎక్స్‌ప్రెస్ రాజమహేంద్రవరం చేరుకుంది" వంటి వాక్యాలు కూడా వస్తాయి. రెండు పేర్లూ ఉన్నాయి కాబట్టి ప్రోగ్రాం "[నది] ఎక్స్‌ప్రెస్ [పట్టణం] చేరుకుంది" అనేదాన్ని ప్యాటర్న్‌గా రాసుకుంటుంది. మరుసటి విడతలో ఆ ప్యాటర్న్‌కు కృష్ణా ఎక్స్‌ప్రెస్ తగులుతుంది, తిరుపతి కృష్ణా ఒడ్డున ఉందని ప్రోగ్రాం రాసుకుంటుంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ వల్ల విశాఖపట్నం గోదావరి ఒడ్డుకు చేరుతుంది. ఆ తర్వాతి విడతలో చార్మినార్ ఎక్స్‌ప్రెస్ చెన్నై చేరుకుంటుంది, చార్మినార్ ఒక నది అవుతుంది. ఇక చార్మినార్ ఉన్న ప్రతి వాక్యం నుంచీ నదుల గురించిన కొత్త ప్యాటర్న్‌లు పుట్టుకొస్తాయి. నాలుగైదు విడతలు గడిచేసరికి మీ నదుల పట్టికలో గోపురాలు, రైళ్లు, పుణ్యక్షేత్రాలు నిండిపోతాయి. ఒక్కో అడుగు విడిగా చూస్తే చిన్న పొరపాటే, అయినా ప్రతి పొరపాటూ తర్వాతి విడతకు ఆధారమవుతుంది.

నెల్‌కు కూడా ఇదే జరిగింది. బ్రౌజర్లలో ఉండే కుకీలను అది తినే కుకీలుగా భావించి బేకరీ పదార్థాల వర్గంలో చేర్చింది. దాంతో కుకీల పక్కన వాక్యాల్లో కనబడే కంప్యూటర్ ఫైళ్లు కూడా బేకరీ పదార్థాల్లోకి వచ్చి చేరాయి. మొదటి ఆరు నెలలు మనుషుల సాయం లేకుండా నడిచిన ఆ వ్యవస్థలో దాదాపు నాలుగో వంతు వర్గాలు, సంబంధాల నాణ్యత మిగిలినవాటి కంటే బాగా తక్కువగా ఉందని గమనించి, 2010 జూన్ నుంచి పరిశోధకులు ఒక్కోదాన్ని రెండు వారాలకోసారి ఓ ఐదు నిమిషాలు పరిశీలించి సరిదిద్దడం మొదలుపెట్టారు.

నమ్మకానికి లెక్క కట్టడం

ప్రతి ప్యాటర్న్‌కూ ఒక స్కోరు ఇవ్వండి. ఆ ప్యాటర్న్ తెచ్చిన జంటల్లో మీకు ముందే తెలిసిన సరైనవి ఎన్ని, తప్పని తెలిసినవి ఎన్ని అని లెక్కించండి. సరైనవాటి సంఖ్యకు 1, మొత్తానికి 2 కలిపి భాగించడం మంచిది. ఉదాహరణకు రెండింటికి రెండూ సరైనవైన ప్యాటర్న్‌కు 100 శాతం కాకుండా నాలుగింట మూడు, అంటే 0.75 మాత్రమే వస్తుంది; ఇరవైలో పద్దెనిమిది సరైనవైన ప్యాటర్న్‌కు 22లో 19, అంటే దాదాపు 0.86 వస్తుంది. కొద్దిపాటి సాక్ష్యంతో గట్టి నమ్మకం ఏర్పడకుండా ఈ చిన్న సవరణ కాపాడుతుంది. "[నది] ఎక్స్‌ప్రెస్ [పట్టణం] చేరుకుంది" అనే ప్యాటర్న్ విశాఖపట్నం–గోదావరి, తిరుపతి–కృష్ణా జంటలను కూడా మీరు తప్పుడు ఉదాహరణల్లో చేర్చి ఉంటే, వాటిని తెచ్చినప్పుడే స్కోరు పడిపోయి తొలగిపోతుంది. తప్పుడు ఉదాహరణలు ముందే ఇవ్వమని గట్టిగా చెప్పింది ఇందుకే.

జంట స్కోరును దాన్ని తెచ్చిన ప్యాటర్న్‌ల నుంచి లెక్కించాలి. ఒక జంట 0.86 స్కోరున్న ప్యాటర్న్‌లోనూ, 0.75 స్కోరున్న మరో ప్యాటర్న్‌లోనూ కనబడితే, రెండూ తప్పయ్యే అవకాశం 0.14ను 0.25తో గుణిస్తే వచ్చే 0.035, కాబట్టి జంట స్కోరు 0.965. ఈ లెక్క సరైనది కావాలంటే రెండు సాక్ష్యాలూ ఒకదానిపై ఒకటి ఆధారపడనివి కావాలి. ఒకే సైటు నుంచి, ఒకే రచన ప్రతుల నుంచి వచ్చిన సాక్ష్యాలను ఒక్కటిగానే లెక్కించండి.

ప్రతి విడతలోనూ స్కోరు 0.9 దాటి, కనీసం రెండు వేర్వేరు సైట్ల సాక్ష్యం ఉన్నవాటిలో పైనున్న కొద్ది జంటలనే, ఒక్కో సంబంధానికి ఇరవైకి మించకుండా, నమ్మినవాటి పట్టికలోకి తీసుకోండి. మిగిలినవి అభ్యర్థులుగానే ఉండనివ్వండి. తర్వాతి విడతలో ప్యాటర్న్‌లు నేర్వడానికి నమ్మిన పట్టికనే వాడాలి. తొందరపడి హద్దు తగ్గిస్తే వాస్తవాల సంఖ్య వేగంగా పెరిగినట్టు కనబడుతుంది, ఆ సంఖ్యను చూసి సంతోషించవద్దు. 67 రోజులు నడిచాక నెల్ 2,42,000కు పైగా నమ్మకాలను పోగు చేసింది, వాటిలో సరైనవి దాదాపు 74 శాతమని అంచనా వేశారు. అంటే ప్రతి నాలుగింట ఒకటి తప్పు.

ఒక వాస్తవం చేత మరొకదాన్ని పరీక్షించడం

నెల్ నుంచి మనం తీసుకోవలసిన ముఖ్యమైన పాఠం ఇది. సంబంధాలను విడివిడిగా నేర్పితే ఒక్కోటీ తప్పుదారి పడుతుంది, కలిపి నేర్పితే ఒకదాని తప్పును మరొకటి పట్టుకుంటుంది. ఒకే పేరు నదీ, పట్టణమూ కాకూడదని నియమం పెట్టండి. రైళ్లు, ప్రాజెక్టులు, ఆలయాలు అనే వర్గాలను కూడా చేర్చండి. వాటి గురించి మీకు ఆసక్తి లేకపోయినా సరే. "చార్మినార్, గౌతమి, కృష్ణా వంటి రైళ్లు" అని ఎక్కడో చదివిన ప్రోగ్రాం, చార్మినార్‌ను నదుల్లో చేర్చే ముందు ఆగుతుంది. కృష్ణా మాత్రం నదిగా బలమైన సాక్ష్యం ఉన్న పేరు. అది నది, రైలు, జిల్లా మూడూ కాబట్టి ఆ పేరుకు మూడు వేర్వేరు గుర్తుల సంఖ్యలు ఉండాలి. పక్కన "నది" ఉందా, "ఎక్స్‌ప్రెస్" ఉందా, "జిల్లా" ఉందా అన్నదాన్ని బట్టి వాక్యాన్ని తగిన గుర్తుకు చేర్చాలి.

సంబంధాలకు కూడా స్వభావం ఉంటుంది. పట్టణానికి ఒకటి కంటే ఎక్కువ నదులు ఉండవచ్చు: కర్నూలు దగ్గర తుంగభద్రతో పాటు హంద్రీ కూడా ఉంది. కాబట్టి రెండో నది దొరికిందని మొదటిదాన్ని అనుమానించకూడదు. జిల్లాకు మాత్రం ఒక సమయంలో ఒకే కేంద్రం ఉంటుంది. రెండు పేర్లు వస్తే రెండింటినీ పక్కన పెట్టి, కారణం వెతకాలి.

కాలాన్ని గుర్తుపెట్టుకోవడం

ఆ కారణం చాలాసార్లు తేదీలోనే దొరుకుతుంది. తూర్పు గోదావరి జిల్లా కేంద్రం కాకినాడ అని కొన్ని పేజీలు, రాజమహేంద్రవరం అని మరికొన్ని పేజీలు చెబుతాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల సంఖ్య 13 నుంచి 26కు పెరిగినప్పుడు ఆ జిల్లా కేంద్రం మారింది; పశ్చిమ గోదావరికి ఏలూరు పోయి భీమవరం వచ్చింది. రెండు మాటలూ వాటి వాటి కాలంలో నిజమే. తెలంగాణలోనూ 2016 అక్టోబరు 11న జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. పాత పేజీలు సంఖ్యలో ఎక్కువ కాబట్టి, తేదీ పట్టించుకోని ప్రోగ్రాం ఎప్పటికీ పాత జవాబే ఇస్తుంది.

అందుచేత ప్రతి వాస్తవానికీ దాన్ని సమర్థించే పేజీల్లో అతి పాతది, అతి కొత్తది ఏ తేదీలవో రాయించండి. ఒక జవాబుకు సాక్ష్యం ఒక తేదీ దగ్గర ఆగిపోయి, మరో జవాబుకు అక్కడి నుంచే మొదలైతే, ప్రోగ్రాం దాన్ని మార్పుగా గుర్తించి రెండింటినీ కాలపరిమితితో సహా ఉంచుకోవాలి. పేజీకి ప్రచురణ తేదీ లేకపోతే ఇలాంటి సంబంధాల్లో ఆ పేజీ సాక్ష్యాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఆధారం దాచడం, మనిషి చూడడం

డేటాబేస్‌గా ఎస్‌క్యూలైట్ చాలు. వాస్తవాల పట్టిక ఒకటి, సాక్ష్యాల పట్టిక ఒకటి ఉండాలి. సాక్ష్యాల పట్టికలో పూర్తి మూలవాక్యం, పేజీ చిరునామా, తేదీ, ప్యాటర్న్, క్రియ రకం ఉండాలి. ఏ వాస్తవాన్ని అడిగినా దాని వెనుక ఉన్న వాక్యాలు వెంటనే కనబడాలి. ఒక ప్యాటర్న్ చెడ్డదని తేలిన రోజున, దానిమీద మాత్రమే ఆధారపడి నిలిచిన వాస్తవాలన్నీ ఒక్క ఆదేశంతో పట్టికలోంచి దిగిపోయేలా ఉండాలి. ఈ ఏర్పాటు మొదట్లో చేయకపోతే తర్వాత చేయడం దాదాపు అసాధ్యం.

ప్రతి విడత తర్వాత, కొత్తగా నమ్మినవాటిని కళ్లతో చూడండి. అలాగే అప్పుడప్పుడూ మొత్తం పట్టికలోంచి యాదృచ్ఛికంగా 100 వాస్తవాలు తీసి, మీరు, మరొకరు విడివిడిగా తప్పొప్పులు గుర్తించి పోల్చుకోండి. 100లో 80 సరైనవని తేలితే, అసలు నాణ్యత 72కూ 88కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చని గుర్తుంచుకోండి. రెండు మూడు శాతాల తేడా చూసి ప్రోగ్రాం మెరుగైందనో చెడిందనో నిర్ణయించడానికి ఈ పరీక్ష చాలదు. తప్పులను సరిదిద్దేటప్పుడు ఒక్కో వాస్తవాన్ని కొట్టేయడం కంటే, దాన్ని తెచ్చిన ప్యాటర్న్‌ను కొట్టేయడం వల్ల ఎక్కువ ఫలితం ఉంటుంది. కొట్టేసిన జంటను తప్పుడు ఉదాహరణల జాబితాలో చేర్చడం మరచిపోవద్దు.

భాషా నమూనాలను ఎక్కడ వాడాలి

ఇవాళ పెద్ద భాషా నమూనాలు (లాంగ్వేజ్ మోడళ్లు) వాక్యం ఇస్తే దానిలోని సంబంధాన్ని నేరుగా చెప్పగలుగుతున్నాయి, తెలుగు పాఠ్యం మీద కూడా శిక్షణ పొందిన మ్యూరిల్ వంటి చిన్న నమూనాలు పేర్లను గుర్తించడానికి పనికొస్తాయి. వాటిని తప్పక వాడండి, అయితే చదివే సహాయకులుగానే. "రాజమహేంద్రవరం ఏ నది ఒడ్డున ఉంది" అని నమూనాను అడిగితే అది తన జ్ఞాపకంలోంచి జవాబిస్తుంది, ఆ జవాబుకు వాక్యమూ ఉండదు, తేదీ ఉండదు. దానికి బదులు మీరు సేకరించిన వాక్యాన్ని ఇచ్చి, "ఈ వాక్యం ఒక పట్టణం ఒక నది ఒడ్డున ఉందని చెబుతోందా, చెబితే ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టుగా చూపించు" అని అడగండి. అది చూపించిన మాటలు మూలవాక్యంలో అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో లేదో మామూలు ప్రోగ్రాంతో సరిచూసి, లేకపోతే ఆ జవాబును వదిలేయండి. నమూనా జవాబును కూడా ఒక ప్యాటర్న్‌లాగే భావించి, తెలిసిన జంటల మీద పరీక్షించి స్కోరు ఇవ్వండి. ముఖ్యంగా హైదరాబాద్–కృష్ణా వాక్యాలను దాని ముందు పెట్టి చూడండి.

రెండు సంబంధాల మీద వ్యవస్థ నిలకడగా నడిచి, వరుసగా కొన్ని విడతల్లో నాణ్యత పడిపోకుండా ఉన్న తర్వాతే మూడో సంబంధం చేర్చండి. ఉపనది ఏ నదిలో కలుస్తుంది, ప్రాజెక్టు ఏ నది మీద కట్టారు అనేవి సహజమైన తర్వాతి ఎంపికలు: వాటికి కావలసిన నదుల పట్టిక మీ దగ్గర అప్పటికే ఉంటుంది, పైగా నాగార్జునసాగర్ కృష్ణా మీద ఉందని ప్రోగ్రాంకు తెలిసిన నాడు, సాగర్ నుంచి హైదరాబాద్‌కు నీళ్లు వస్తున్నాయని చెప్పే వాక్యాన్ని నదీతీరపు సాక్ష్యంగా తీసుకోకుండా ఆపడం కూడా సులువవుతుంది.